కొలత గొంతు

నమోదు 3112. తుఫాను కాలానికి ఇంకా 38 రోజులు.

పొద్దున్నే తక్కెడ పళ్ళెం మంచినీళ్ళతో కడిగి, రాగి మొనలకు పట్టిన ఉప్పు పాత పంచె ముక్కతో తుడిచాను. తనిఖీశాలలో ఈ ఒక్క పని యంత్రానికి చేతకాదు. నా ఉద్యోగం ఇంకా ఊడలేదంటే ఆ ఉప్పు పుణ్యమే. రోజుకో పేజీ మనిషి చేత్తో రాయాలని కూడా ఎవరో పాతకాలంలో నియమం పెట్టారు. ఎవరూ చదవరు కనుక నా ఇష్టం వచ్చినట్టు రాస్తున్నాను.

తక్కెడ అంటే చేపలు తూచేది కాదు, తాళాలు తూచేది. మా ఊరు సముద్రం మీద నూట పన్నెండు తెప్పలు. వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి ఆరువందల నలభై కొక్కేలు. ప్రతి కొక్కెంలోనూ చింతగింజంత తాళం చిప్ ఉంటుంది. ఊరి తెప్పలన్నిటినీ నడిపే పెద్ద సరంగు రేడియోలో ఆజ్ఞ చెప్పగానే ఆ గొంతును తాళం ముక్కలు చేసి, కలిపి పిసికి, చిన్న ముద్రగా మారుస్తుంది. సరంగు తన రహస్యంతో పంపిన ముద్ర దానితో సరిపోతేనే కొక్కెం కదులుతుంది. తుఫానులో అల లేచేలోపు కొక్కేలు విడిపోవాలి. అల మీద విడిపోతే తెప్పలు ఢీకొంటాయి. అందుకే తాళం మోసపోకూడదు, ఆలస్యమూ చెయ్యకూడదు.

అల్లిక యంత్రం కొత్త తాళం అల్లుతుంది. తక్కెడ దాన్ని వెయ్యి రకాలుగా పేర్చి చూసి, ఎంత చోటు తింది, ఎంతసేపు తీసుకుంది, ఎంత కరెంటు తాగింది, రహస్యం ఎక్కడన్నా కారుతోందా అని నాలుగు మార్కులు వేస్తుంది. ఆ మార్కులు చూసుకుని అల్లిక యంత్రం మళ్ళీ అల్లుతుంది. తొమ్మిదేళ్ళుగా రెండూ ఇదే ఆట ఆడుతున్నాయి, నేను మొనలు తుడుస్తున్నాను.

ఇవాళ 212వ అల్లిక తూకానికి వచ్చింది. పాత తాళాలకు సెకనులో ముప్పాతిక పట్టేది. దీనికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టింది. మా తనిఖీశాల పెద్ద రాజారత్నంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరోసారి చూశారు. తూకం అవగానే చిప్ మీద వేలి వెనకభాగం ఆనించడం నాబోటి పాతవాళ్ళ అలవాటు. పని చేసిన చిప్ వెచ్చగా ఉంటుంది. నియమాల్లోంచి ఆ పరీక్ష ఎప్పుడో తీసేశారు, నేను మాత్రం మానలేదు. 212 చల్లగా ఉంది.

నమోదు 3113. 37 రోజులు. శుక్రవారం.

ఎర్రయ్య వచ్చాడు. ప్రతి శుక్రవారం వస్తాడు. మా చెల్లెలు పోలి భర్త, ముప్ఫై ఒకటో తెప్ప మీద కొక్కేలు చూసుకునేవాడు. చేతిలో కవ్వళ్ళ చేపల వేపుడు పొట్లం పెట్టుకుని, బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఎప్పుడూ ఒకే మాట అంటాడు.

"ఓపాలి ఎట్టవా వొదినా."

స్పీకర్ పెట్టాను. పోలి మాట్లాడింది. "ఒకటో ఆజ్ఞ. అందరూ లోపలికి." అక్కణ్ణించి పదహారో ఆజ్ఞ దాకా. మొత్తం మూడు నిమిషాలు. ఎర్రయ్య కళ్ళు మూసుకుని వింటాడు. నేను నా పని చూసుకుంటాను.

మా ఊళ్ళో మనిషి పోయిన పదహారో రోజున వాళ్ళ గొంతు కూడా చెరిపేస్తారు. రేడియోల్లో, ఫోన్లలో, పిల్లల ఆటబొమ్మల్లో ఎక్కడున్నా సరే. వెనకటికి చచ్చినవాళ్ళ గొంతులతో దొంగ ఆజ్ఞలు పుట్టించి, కొక్కేలు విప్పి, రెండు ఊళ్ళను ముంచేశారు. అప్పటినుంచీ ఈ చట్టం. పోలిని తొమ్మిదేళ్ళ కిందట మూడు రోజుల జ్వరం తీసుకుపోయింది. దాని గొంతూ పోవలసిందే. కానీ అంతకు రెండు నెలల ముందు, ఇక్కడ నా దగ్గర సాయంగా పనిచేస్తున్నప్పుడు, తక్కెడకు కొలతగా పదహారు ఆజ్ఞలూ అదే చదివింది. కొలత గొంతు మార్చకూడదని నియమం. ఒక తాళాన్ని ఒక గొంతుతో, ఇంకో తాళాన్ని ఇంకో గొంతుతో తూస్తే అన్యాయం కదా. అలా ఊరంతటికీ పోలి పోయింది, తక్కెడలో మాత్రం మిగిలింది.

"ఇన్నాను. సాలు," అని ఎర్రయ్య లేచాడు. పొట్లం బల్ల మీద పెట్టి, "సల్లారిపోతాది, తినీ," అన్నాడు.

నమోదు 3117. 33 రోజులు.

212ను ఊరికి ఎంపిక చేశారు. పదిహేను రోజుల్లో ఆరువందల నలభై తాళాలూ పోతపోసి బిగిస్తారట. రాజారత్నంగారు అందరికీ బెల్లం పానకం పోయించారు.

"ఒక్క మాటండీ. అది చల్లగా ఉంది," అన్నాను.

"ఏది, పానకమా?"

"212 అండీ. తూకం అయ్యాక వేలు పెట్టి చూశాను. పని చేసిన జాడే లేదు."

ఆయన నవ్వారు. మంచి మనిషే, నా వేలంటే మాత్రం లోకువ. "తక్కువ కరెంటుతో పనిచేస్తే చల్లగా ఉండదా ముత్యాలుగారూ? మార్కుల్లో అది కూడా ఉందిగా. మీ వేలితోనే తూచేటట్టయితే ఇంత యంత్రం ఎందుకు చెప్పండి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పానకం బాగుంది. వేలు మాత్రం సాయంత్రం దాకా చల్లగానే అనిపించింది.

నమోదు 3119. 31 రోజులు.

మొనలు తుడిచాను. తనిఖీ మామూలే. విశేషం లేదు.

నమోదు 3120. 30 రోజులు. శుక్రవారం.

నిన్న రాసింది అబద్ధం. ఈ పుస్తకంలో నేను అబద్ధం రాయడం ఇదే మొదలు. దిద్దుకుంటున్నాను.

నిన్న భోజనాలయ్యాక అందరూ పోత చూడ్డానికి వెళ్ళారు. నేనొక్కదాన్నే ఉండి, 212ను పళ్ళెంలో పెట్టి, ఏడో ఆజ్ఞ నా గొంతుతో చదివాను. తొమ్మిది సెకన్లు పట్టింది. నా గొంతు బొంగురు కదా అని మళ్ళీ చదివాను. ఎనిమిదిన్నర. పెద్ద సరంగు దేశమ్మ పోయిన నెల ఇచ్చిన ఆజ్ఞ రేడియోలోంచి తెచ్చి వినిపించాను. పదకొండు. పోలి గొంతు పెట్టాను. సెకనులో ఇరవయ్యో వంతు. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ముక్కాలిపీట మీద కూలబడ్డాను. 

జరిగింది ఇది. తాళం ఇచ్చే జవాబు తప్పో ఒప్పో చూడ్డానికి రకరకాల గొంతులు వాడతాం. కాలం కొలిచేది మాత్రం పోలి గొంతుతోనే. తొమ్మిదేళ్ళలో ఎన్ని లక్షలసార్లు వినిపించామో లెక్కలేదు. అల్లిక యంత్రానికి కావలసినవి మార్కులు. పోలి పదహారు ఆజ్ఞల ముద్రలూ తాళంలోనే రాసిపెట్టేస్తే లెక్క చెయ్యనక్కర లేదని ఎక్కడో కనిపెట్టేసింది. లెక్క చేసే భాగం వాడటం లేదు కనుక దాన్ని కుదించి కుదించి గోరంత చేసింది. చోటు మిగిలింది, కరెంటు మిగిలింది, అన్నిట్లోనూ మొదటి మార్కు వచ్చింది. అందులో కుట్రేమీ లేదు, మేము అడిగిందే అది ఇచ్చింది. ఇప్పుడా తాళం పోలి గొంతు వింటే లెక్కే చెయ్యదు, గుర్తుపట్టి తలుపు తీస్తుంది. బతికున్నవాళ్ళు మాట్లాడితే కూడబలుక్కుంటూ కూర్చుంటుంది.

వెంటనే వెళ్ళి చెప్పాలి. చెబితే పద్నాలుగో నియమం అమలవుతుంది. తాళం కంఠస్థం చేసిన కొలత ఇక కొలత కాదు, దాన్ని చెరిపేయాలి. కొలత కాకపోతే అది చచ్చిన మనిషి గొంతు, అందుకూ చెరిపేయాలి. ఎటు తిప్పినా పోలి పోతుంది.

ఇవాళ ఎర్రయ్య వచ్చాడు. "ఓపాలి ఎట్టవా వొదినా," అన్నాడు. పెట్టాను. అతను వింటున్నంతసేపూ చెప్పాలనే అనుకున్నాను. ఈ ఒక్క శుక్రవారం కానీ, బిగించడం ఇంకా మొదలవలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా చెప్పలేదు.

నమోదు 3127. 23 రోజులు. శుక్రవారం.

సగం తెప్పలకు కొత్త తాళాలు బిగించారు. తీసిన పాతవాటిని ఆ రోజుకారోజే రోకలితో నలగ్గొట్టేస్తున్నారు. వాటిలో పాత రహస్యాలుంటాయి కనుక అది చట్టం. వెనక్కి పోవడానికి దారి లేకుండా పోతోందని తెలుస్తూనే ఉంది.

ఇంటికి వెళ్తుంటే కొక్కేలు దాటాలంటే భయంగా ఉంది. ఒక్కో కొక్కెం దాటినప్పుడల్లా లోపల పోలి కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. ఇవాళ పదిహేనో తెప్ప దగ్గర చేపల పడవ కోసం ఒక కొక్కెం విప్పమన్నారు. దేశమ్మ రేడియోలో ఆజ్ఞ చెప్పింది. కొక్కెం కదలలేదు. ఎవరో పిలుస్తారని వాకిట్లో నిలబడ్డ మనిషిలా ఆగింది. చాలాసేపటికి కదిలింది.

"కొత్త తాళం నాన్సుతంది. బ్యాట్రీ సరీగా లేదు గావాల," అంది పడవలోని ఆవిడ. నేను తల దించుకుని దాటిపోయాను.

అక్కడినుంచి తనిఖీశాలకు తిరిగొచ్చి ఎర్రయ్యకు వినిపించాను. ఈసారి నేను వినలేక బయటికి వెళ్ళి నిలబడ్డాను. గోడ అవతల్నుంచి మాటలు తెలియవు, గొంతు మాత్రం తెలుస్తుంది. అది నన్నే పిలుస్తున్నట్టుంది.

నమోదు 3131. 19 రోజులు.

ఎర్రయ్య కుడిచెయ్యి పోయినంత పనయింది.

పొద్దున ముప్ఫై ఒకటో తెప్ప పక్కకి జరపాలని ఆజ్ఞ వచ్చింది. కొక్కెం కదలలేదు. పాతికేళ్ళుగా కొక్కేలు చూస్తున్న మనిషి. ఆజ్ఞ వచ్చాక ఒక్క సెకనులో కదలకపోతే పట్టేసినట్టే అతని లెక్క. ఉప్పు పట్టి బిగిసిపోయిందనుకుని చెయ్యి పెట్టి గుంజాడు. తొమ్మిదో సెకనులో కొక్కెం విడిపోయింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి. వైద్యురాలు వాటిని తీసేసింది.

నేను వెళ్ళేసరికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు. "మిగిలిన మూడూ సాలు వొదినా, వలెయ్యడానికి," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నా కోసమే ఏడుస్తున్నానని అతనికి తెలియదు, ఎడమచేత్తో నా భుజం తట్టాడు.

నమోదు 3132. 18 రోజులు.

ముందు ఎర్రయ్యకు చెప్పాను. అందరికంటే ముందు అతనికే చెప్పాలి. కట్టు మార్చుకుంటున్నాడు. అంతా విన్నాడు. 

"ఎప్పుట్నించి ఎరుగుదువు?"

"పదమూడు దినాల్నించి."

"పదమూడు." కట్టు చివర పళ్ళతో పట్టి ముడివేశాడు. "రెండు సుక్కురారాలు నానొచ్చాను. కూకున్నాను. ఇన్నాను. నువ్వెట్టావు."

"సెబితే సెరిపేస్తారు ఎర్రయ్యా. నువ్వు మళ్ళీ ఇనలేవని..."

"నాకోసరమని అనకు వొదినా." గొంతు పెంచలేదు. "నీకూ కావాలి అది. అలగని సెప్పు, ఒప్పుకుంటాను. నా నెత్తినెట్టకు."

నాకూ కావాలని చెప్పాను. అతను తల ఊపి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లేచి రాజారత్నంగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎదురుగా 212ను పళ్ళెంలో పెట్టి, "ఏడో ఆజ్ఞ చదవండి," అన్నాను. ఆయన చదివారు. గడియారం చూశారు. మళ్ళీ చదివారు. మూడోసారి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు.

నమోదు 3134. 16 రోజులు. శుక్రవారం.

పెద్దలు కూర్చున్నారు. నన్ను తిట్టారు, తిట్టవలసిందే. రాజారత్నంగారు మాత్రం లేచి, "ఆవిడ వేలు పెట్టి చల్లగా ఉందని చెప్పిన రోజున నేను నవ్వాను. నన్ను కూడా అందులో రాసుకోండి," అన్నారు. అది నేననుకోలేదు.

దేశమ్మ ఒకటే అడిగింది. "తొమ్మిది సెకన్లని తెలిసింది గదా. నాను తొమ్మిది సెకన్లు ముందు సెప్పీసుకుంటే సరిపోదేటి?"

"సరిపోదమ్మా. ఒక కొక్కేనికి ఏడు, ఇంకోదానికి పదకొండు. బ్యాటరీ పాతదైతే ఇంకా నెమ్మది. తెప్పకు ఆరు కొక్కేలుంటే ఆరూ ఆరు సమయాల్లో విడిపోతాయి," అని చెప్పాను. 

పాత తాళాలన్నీ అప్పటికే నలిగిపోయాయి, మళ్ళీ కొత్తవి అల్లించి, తూచి, పోతపోసి బిగించడానికి ఇరవై రోజులు కావాలి. తుఫాను కాలానికి పదహారే ఉన్నాయి. తొలి గాలులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

కొలత గొంతు చెరపాలని నిర్ణయమైంది. బంధువులకు ఏడు రోజులు గడువు. ఆ ఏడో రోజున దగ్గరి చుట్టం స్వయంగా వచ్చి ఆ మాట చెప్పాలి. చుట్టమంటే ఎర్రయ్యే.

ఇవాళ శుక్రవారం. ఎర్రయ్య రాలేదు. ముక్కాలిపీట తీసి మూల పెట్టాను, కాసేపటికి మళ్ళీ తెచ్చి బల్ల పక్కనే వేశాను.

నమోదు 3138. 12 రోజులు.

తుఫాను కాలం రాకుండానే తుఫాను వచ్చింది. రాస్తున్నది సాయంత్రం. 

మధ్యాహ్నానికి ఆకాశం ఇనపరంగులోకి తిరిగింది. అలలు మనిషెత్తు దాటగానే దేశమ్మ బయటి వరుస కొక్కేలు వదలమని తన గొంతుతోనే ఆజ్ఞ ఇచ్చింది. మూడో తెప్పకు ఒకవైపు కొక్కేలు విడిపోయాయి, రెండోవైపువి విడిపోలేదు. తెప్ప అడ్డం తిరిగి నాలుగో తెప్ప మీదికెక్కింది. రెండు తెప్పల మీద పద్దెనిమిది కుటుంబాలు. అక్కడి అరుపులు రేడియోలో మా దాకా వినిపించాయి. మనుషులు దెబ్బలతో బయటపడ్డారని తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు.

నేను అప్పటికే సరంగు గదిలో ఉన్నాను. పోలి గొంతున్న పెట్టె తక్కెడలోంచి తీసి సంచిలో వేసుకుని ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు, అడగడానికే నోరు రాలేదు. దేశమ్మే నావైపు తిరిగింది.

"ఓలమ్మా ముత్యాలూ. ఆ పాప గొంతుకైతే ఇప్పుతాయేటే కొక్కేలు?"

"ఇప్పుతాయి. అన్నీ ఒక్కపాలే."

"నా రాస్యంతో పంపితే?"

"గొంతు పిసకడంలోనేనమ్మా దాని దొంగతనం. రాస్యం సరిగ్గానే సూసుకుంటాది."

చచ్చినవాళ్ళ గొంతు రేడియోలో వినిపించడం మా ఊళ్ళో అన్నిటికంటే పెద్ద నేరం. రాజారత్నంగారు ఆ మాట అనబోయారు. దేశమ్మ చెయ్యెత్తి ఆపింది. "సట్టానికి నాను జవాబు సెప్పుకుంటాను. నువ్వెట్టే."

ఏడో ఆజ్ఞ మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాలుగు సెకన్లు. అది ముగిసిన క్షణంలోనే కొక్కెం కదులుతుంది. కనుక అల ఎక్కడానికి నాలుగు సెకన్ల ముందు మీట నొక్కాలి. దేశమ్మ కిటికీలోంచి సముద్రం చూస్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బిగిసినప్పుడల్లా నేను నొక్కాలి.

చెయ్యి బిగిసింది.

"ఏడో ఆజ్ఞ. కొక్కేలు వదలండి. ఒకటి, రెండు, వదలండి."

తొమ్మిదేళ్ళ తర్వాత పోలి ఊరందరితోనూ మాట్లాడింది. నూట పన్నెండు తెప్పల మీద ప్రతి స్పీకర్‌లోనూ అదే గొంతు. వరుసలోని కొక్కేలన్నీ ఒకేసారి విడిపోయిన చప్పుడు వినిపించింది, ఒకటే చప్పుడు. తెప్పలు దేనికది విడివడి అల మీద లేచి, మళ్ళీ మెల్లగా దిగాయి. ఒక్కటీ రాసుకోలేదు.

ఏడు వరుసలు, వరుసకో రహస్యం. ఏడుసార్లు నొక్కాను. పోలిని ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు. కొన్ని తెప్పల మీద జనం పనులాపి స్పీకర్లకు దండం పెట్టారట. కొందరు జడుసుకుని పిల్లల చెవులు మూశారట. ముప్ఫై ఒకటో తెప్ప ఐదో వరుసలో ఉంటుంది. ఐదోసారి నొక్కేటప్పుడు నా కళ్ళకు సముద్రం కనబడలేదు. దేశమ్మ చెయ్యి ఒక్కటే తెలిసింది.

నమోదు 3141. 9 రోజులు.

చెరిపేశాం.

ఎర్రయ్య కట్టు చేత్తో వచ్చాడు, నాతో మాట్లాడలేదు. రాజారత్నంగారు నియమం చదివారు. ఊళ్ళోని ప్రతి రేడియోలోంచీ మొన్నటి ఆజ్ఞ చెరిపేశామని, తక్కెడలోదే ఆఖరిదని చెప్పారు. "చివరిసారి వింటారా?" అని అడిగారు.

"వొద్దండి. మొన్న ఇన్నాను గదా, గాల్లో. ఊరంతా ఇన్నాది," అన్నాడు. కాసేపు తక్కెడ వైపే చూసి, "సెరిపీండి," అన్నాడు.

మీట నేనే నొక్కాను. చప్పుడేమీ కాలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తక్కెడ గదిలో ఏ గొంతూ లేదు. ఇంటికెళ్ళి పడుకుని, పోలి గొంతు గుర్తుచేసుకోబోయాను. మాటలు వస్తున్నాయి, గొంతు రావడం లేదు. ఆజ్ఞలు వరసగా చెప్పగలను, పోలి వాటిని ఎలా అందో చెప్పలేను. రోజూ అది మాట్లాడుతుంటే నేను చూసింది గడియారం. ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్ని తగ్గాయి అనే విన్నాను. దాన్ని వినలేదు. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 3190. శుక్రవారం.

తుఫాను కాలం మొదలైన నాలుగో రోజుకి అన్ని కొక్కేల్లోంచీ 212 పోయి కొత్త తాళాలు వచ్చాయి, ఈలోపు గాలి మళ్ళీ లేవలేదు. కొత్త నియమం వచ్చింది. ప్రతి తూకానికీ కొత్త గొంతు. ఊళ్ళో ఇంటి వరస ప్రకారం ఒక్కొక్కరు వచ్చి పదహారు ఆజ్ఞలూ చదువుతారు, తూకం అవగానే వాళ్ళ గొంతు చెరిపేస్తాం. యంత్రం ఎవరి గొంతూ కంఠస్థం చేసే వీలు లేదు. వేలు పెట్టి చూడ్డం కూడా మళ్ళీ నియమాల్లోకి ఎక్కింది. రాజారత్నంగారే రాయించారు.

ఇవాళ 231వ అల్లిక. వరసలో వచ్చిన పేరు చూసి రెండుసార్లు చదువుకున్నాను. ముప్ఫై ఒకటో తెప్ప, ఎర్రయ్య.

వచ్చాడు. పొట్లం తేలేదు. ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. చెరిపిన రోజు తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోవడం ఇదే. ఆజ్ఞల కాగితం ఇవ్వబోయాను. మూడువేళ్ళ చేత్తో పక్కకి నెట్టాడు.

"కాయితం నాకెందుకు వొదినా," అని కళ్ళు మూసుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాడు. మొగగొంతు, బొంగురు, సముద్రపు గాలికి గరుకెక్కిన గొంతు. కానీ ఒకటో ఆజ్ఞ దగ్గరే గుర్తుపట్టాను. "అందరూ" దగ్గర ఆ చిన్న ఎత్తు, "లోపలికి" దగ్గర ఆ జారుడు పోలివి. నాలుగో ఆజ్ఞ మధ్యలో ఊపిరి తీసుకున్నాడు, పోలి తీసుకున్న చోటే. ఇంట్లో మాట్లాడే మాటలు పక్కనపెట్టి, పోలి కాగితం చూసి చదివిన భాషలోనే, అక్షరం పొల్లుపోకుండా చెప్పుకుపోయాడు. పదకొండో ఆజ్ఞ చివర ఒక్క క్షణం ఆగి, నవ్వొస్తే మింగేసినట్టు మాట ముగించాడు.

నేను తక్కెడ ఆపాను. "అక్కడ... అక్కడ పోలి నవ్విందేటి?"

కళ్ళు తెరిచాడు. నన్ను వింతగా చూశాడు. "నవ్విందేటని నన్నడుగుతావేటి? నువ్వే గదా నవ్వించినావు. ఎదురుగుండా నిలబడి మూతి తిప్పుతుంటే నవ్వాపుకోలేకపోనాను అని ఇంటికొచ్చి సెప్పింది. ఆ కాడికొచ్చేసరికి ఎప్పుడూ నీ మొకమే అగుపించేది నాకు."

నాకది గుర్తే లేదు. మూతి తిప్పానేమో. ఆ వయసులో తిప్పే ఉంటాను.

"ఇంకో ఐదున్నాయి. కానీ," అన్నాడు.

తక్కెడ మళ్ళీ నడిపాను. ఈసారి గడియారం చూడలేదు. అతను పదహారూ ముగించేదాకా విన్నాను. పన్నెండోది గట్టిగా, పద్నాలుగోది అలిసిపోయినట్టు, పదహారోది పని అయిపోయిందన్న సంబరంతో. పోలి ఇలా చదివిందని నాకు ఇవాళ తెలిసింది. అతను లేచేటప్పటికి నేను ఏడుస్తున్నాను. "వొచ్చీ సుక్కురారం కవ్వళ్ళు తెస్తాను," అని వెళ్ళిపోయాడు.

231 మార్కులు ఫర్వాలేదు, సెకనులో మూడో వంతు. చిప్ వెచ్చగా ఉంది. ఎర్రయ్య గొంతు నియమం ప్రకారం చెరిపేశాను.

తూకం పత్రంలో చివర ఒక గడి ఉంది. పాత కొలత గొంతుకు ప్రతులు ఎక్కడైనా మిగిలి ఉన్నాయా? లేవు అని రాసి సంతకం పెట్టాను. తనిఖీశాలలో నేను రాసిన రెండో అబద్ధం ఇది. దీన్ని మాత్రం దిద్దను.